తాగుడు మాన్పించే వైద్యం బాలింత గుమ్మం దాకా రావాలి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు తాగుడు మాటెత్తితే కర్ణాటక మద్యం ప్యాకెట్ల దగ్గరో, కూలి డబ్బు తగలేసే మగవాళ్ల దగ్గరో ఆగిపోతుంది. 2019లో కేంద్రం వెల్లడించిన జాతీయ సర్వే లెక్కా అలాగే ఉంది: మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. ఇంత కొద్దిమందికి వేరే ఏర్పాటు ఎందుకని అడగవచ్చు. పరువు పోతుందని దాచుకునే అలవాటు ఏ సర్వేకైనా పూర్తిగా చిక్కదు. పైగా బాలింత తాగితే నష్టం ఇద్దరికి. అందుకే ఆమెకిచ్చే వైద్యంలో మందులతో పాటు బిడ్డను సాకడంలో చేయూత కూడా ఉండాలి.

తాగుడు మానిన కొత్తలో నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చీటికీమాటికీ చిరాకు. చంటిబిడ్డ రాత్రిళ్లు పదేపదే లేచే కాలమూ అదే అయితే మళ్లీ మద్యం మీదికి మనసు పోవడం వింత కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో నాన్సీ సచ్‌మన్ బృందం, మత్తు అలవాటుకు చికిత్సలో ఉన్న తల్లులకు బిడ్డ ఏడుపు వెనకున్న అవసరాన్ని పోల్చుకోవడం నేర్పింది. మామూలు పెంపకం పాఠాలు విన్నవాళ్లకంటే వీళ్లు బిడ్డ మనసును బాగా గ్రహించారు. బిడ్డను అమ్మమ్మకు అప్పగిస్తే క్షేమం కదా అంటారు కొందరు. తల్లి మత్తులో ఉన్న పూట బిడ్డ ఇంకొకరి చేతుల్లో ఉండాల్సిందే. అంతమాత్రాన ఎడబాపనక్కర్లేదు. నల్లమందు జాతి మత్తుకు గర్భంలోనే గురైన శిశువులపై అమెరికాలోని 26 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. తల్లో, ఇంటివాళ్లో ఎత్తుకుని ఓదార్చడానికి, పాలకు, నిద్రకు పెద్దపీట వేస్తే బిడ్డలు సగటున 8.2 రోజుల్లో ఇంటికి పోగలిగే స్థితికొచ్చారు. పాత పద్ధతిలో 14.9 రోజులు పట్టింది.

పచ్చి బాలింత ఆదోని నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికి మాటిమాటికీ పోలేదు. ఆశా కార్యకర్త మాత్రం ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికే రావాలి. బిడ్డను తూచి, జ్వరం చూసేటప్పుడే రెండు మాటలు చెప్పవచ్చు: బిడ్డ నోరు అటూ ఇటూ తిప్పి పిడికిలి చప్పరిస్తే ఆకలి, ఏడ్చేదాకా ఆగొద్దు; ఒక పెగ్గు తాగితే కనీసం రెండు గంటలు పాలివ్వొద్దు. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానితే ఫిట్స్ రావచ్చు గనుక డాక్టరు దగ్గరికి పంపాలి. ఆశాలకు ఇప్పటికే పని ఎక్కువన్నది నిజమే. కాబట్టి గుర్తించడం, చెప్పడం, పంపడం వరకే వాళ్ల బాధ్యత, దానికీ అదనపు పారితోషికం ఉండాలి. గుంటూరు మిరప కోతలకు సుగ్గి (వలస) పోయే కుటుంబాలకు ఈ వరస తెగిపోతుంది. వాళ్ల వివరం అక్కడి ఆశాకు చేరాలి, ఉచిత మానసిక ఆరోగ్య ఫోను 14416 చేతిలో ఉండాలి. వీటన్నిటికంటే ముందు, చెప్పిన మాట అత్తగారి చెవిన, వీధిలో పడదన్న హామీ కావాలి. అది లేకపోతే ఏ బాలింతా నోరు విప్పదు.