కొత్త దేశంలో తొలిచూపు

కొత్త దేశంలో అడుగుపెట్టిన యాత్రికుడు మొదట ఏమి చూస్తాడు? ఆ చూపు ఎంతవరకు నమ్మదగినది? చరిత్ర నుండి ఒక ఉదాహరణను విద్యార్థుల ముందుంచదలచినాము.

తైమూరు కుమారుడైన షారుఖ్ హీరాతును ఏలుతున్న కాలమది. ఆయన కొలువులోని అబ్దుర్రజ్జాక్ 1442లో రాయబారిగా బయలుదేరి, హుర్ముజ్ రేవులో ఓడ ఎక్కి కాలికట్టు చేరినాడు. సముద్రమంటేనే ఆయనకు భయం. దారిలో జ్వరపడినాడు, తోడు వచ్చిన అన్నగారిని పోగొట్టుకొన్నాడు. అట్టి మనఃస్థితిలో దిగినవానికి ఆ ఊరు నచ్చలేదు. మొలకు వస్త్రము చుట్టుకొని తిరిగే జనమును చూచి దిగ్భ్రమ చెందినాడు. రాజైన సామూదిరి వేషమూ అటువంటిదే కావడం ఆయనకు మరింత వింతగా తోచినది. నిండుగా కప్పుకొనుటే మర్యాద అయిన చలిదేశంలో పెరిగినవాడు ఆయన. మలబారు ఉక్కకు ఆ వేషమే తగినదని కొత్తవారికి వెంటనే తోచదు.

అయినను ఆయన కలము న్యాయము తప్పలేదు. దూరదేశపు వర్తకులు తమ సరుకును ఆ రేవులో నిశ్చింతగా విడిచి వెళ్లగలరనీ, సుంకపు అధికారులే దానికి కాపలా ఉంటారనీ వ్రాసినాడు. అమ్ముడుపోయిన సరుకుపై నలుబదవ వంతు మాత్రమే సుంకము. అమ్ముడుపోకున్న ఏమీ లేదు. నచ్చని ఊరిలోని మంచిని కూడ గమనించుట సామాన్య విషయము కాదు.

1443లో విజయనగరము నుండి పిలుపు వచ్చినది. పిలిచినవాడు రెండవ దేవరాయలు. మన శ్రీనాథునికి కనకాభిషేకము చేయించినాడని ప్రసిద్ధి పొందిన ప్రౌఢదేవరాయలు ఈయనే. మంగళూరు మీదుగా వెళ్లిన రాయబారికి ఏడు ప్రాకారముల నగరము కనిపించినది. వెలుపలి ప్రాకారముల నడుమ పొలాలు, తోటలు, ఇండ్లు. లోపలి వైపు కిక్కిరిసిన అంగళ్లు. అన్నము వలె గులాబీలు కూడ ఇచ్చటి వారికి నిత్యావసరమని ఆయన ఆశ్చర్యపడినాడు. వక్క, సున్నము చేర్చి తమలపాకు నమలే తీరును ప్రత్యేకంగా వర్ణించినాడు. మనము రోజూ చూస్తూ మరచిపోయిన వస్తువులే పరదేశి కంటికి ముందుగా ఆనుతాయి. అందుచేతనే అట్టి వ్రాతలు చరిత్రకారులకు అమూల్యములు.

కాలికట్టులో కలత చెందిన మనిషే ఇచ్చట ముగ్ధుడైనాడు. నగర వైభవము ఒక కారణము. ఆదరణ మరొక కారణము. బసతో పాటు దినమునకు రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యము, వెన్న, చక్కెర, రెండు వరహాలు ఆయనకు అందేవి. కొంతకాలమునకు హుర్ముజ్ వారు కొందరు ఆయన నిజమైన రాయబారి కాడని పుకారు లేపగా ఆదరణ సన్నగిల్లినది. స్వదేశము చేరి గ్రంథము వ్రాసినప్పుడు మాత్రము నగర ప్రశంసను ఆయన తగ్గించలేదు.

దీనిని బట్టి తొలిచూపులో చూచేవాని అలసట, అలవాట్లు, అతనికి లభించిన స్వాగతము అన్నీ కలిసి ఉంటాయని గ్రహించవచ్చును. ఉద్యోగార్థము పరదేశములకు వెళ్లే మన విద్యార్థులు అచ్చటి వేషభాషలను బట్టి తొందరపడి తీర్పు చెప్పరాదు. చూచినది ఉన్నదున్నట్లు వ్రాసి ఉంచుకొని, కొన్ని నెలల తరువాత మరల చదువుకొనవలెను. అట్లే ప్రతి సంవత్సరము పల్లెల నుండి మన కళాశాలకు వచ్చే పిల్లలకు ఇదియే కొత్త దేశము. వారి తొలిచూపులో సగము బాధ్యత మనదే.