ఇంటిపేర్లు ఎక్కడికి పోతాయి?

తరగతిలో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు ఎప్పుడైనా జాగ్రత్తగా విన్నారా? "కె. రమేశ్, కె. సురేశ్, కె. లక్ష్మి..." అని వరసగా చదువుకుంటూ పోతారు. ముగ్గురికీ ముందున్నది 'కె' అక్షరమే. కాని ఒకరి 'కె' కట్టమంచి కావచ్చు. ఇంకొకరిది కొండూరు కావచ్చు. మూడో వారిది అసలు ఇంటిపేరే కాకపోవచ్చు, తండ్రి పేరు కృష్ణన్ కావచ్చు. చిత్తూరు, నగరి, కుప్పం వైపు తమిళనాడు సరిహద్దు దగ్గరే కాబట్టి ఇది మామూలే. తమిళులు పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాసుకుంటారు. తెలుగువారు ఇంటిపేరులోని మొదటి అక్షరం రాసుకుంటారు. కాగితం మీద మాత్రం రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

మన ప్రాంతం పేరు మోసిన ఒక పెద్ద నటుణ్ణి తీసుకుందాం. 1946లో వచ్చిన 'త్యాగయ్య' చిత్రంలో త్యాగయ్యగా నటించిన చిత్తూరు వి. నాగయ్య గారి పేరు మీ ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. ఆ 'వి' అంటే ఏమిటి? చాలామంది పెద్దలకు కూడా తెలియదు. ఆయన ఇంటిపేరు ఉప్పలదడియం. తెలుగులో 'ఉ'తో మొదలయ్యే ఈ పేరును ఇంగ్లీషులో 'వి'తో రాసేవారు. అందుచేత తెలుగు అక్షరం కూడా మిగలలేదు!

ఉప్పలదడియం అన్న ఇంటిపేరు మీలో ఎందరు విన్నారు? రెడ్డప్ప, వెంకటేశులు వంటి పేర్లు మన వైపు వీధికొకటి వినిపిస్తాయి. ఇలాంటి ఇంటిపేరు మాత్రం ఎక్కడో ఒకటి. కొన్ని ఇంటిపేర్లు ఊళ్ళకు ఊళ్ళు నిండి ఉంటే, మరికొన్ని ఇంత అరుదుగా ఎందుకుంటాయి? ఈ ప్రశ్నకు చరిత్ర సగం జవాబు చెబుతుంది. మిగతా సగం లెక్కలు చెబుతాయి.

ముందు చరిత్ర సంగతి చూద్దాం.

మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి గారిది కట్టమంచి. ఒకప్పుడు విడి పల్లె, ఇప్పుడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. కొంతకాలం తిరుపతిలో చదువుకున్నారు. కాని ఆయన ఇంటిపేరున్న సర్వేపల్లి నెల్లూరు దగ్గర ఉంది. పూర్వీకులు అక్కడినుంచి వచ్చారన్నమాట. తిరుత్తణి 1911 తర్వాత చిత్తూరు జిల్లాలో ఉండి, 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఊరు రాష్ట్రం మారినా ఇంటిపేరు మాత్రం నెల్లూరు గుర్తును వదలలేదు. దూరదేశాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పోలండ్‌లో తర్నోవ్ ఊరి ప్రభువులు తర్నోవ్‌స్కీలు అయ్యారు. మనం 'కట్టమంచి వారు' అంటాం, వాళ్ళు చివర 'స్కీ' తగిలిస్తారు, అంతే తేడా.

ఇక్కడ ఒక చిన్న చమత్కారం ఉంది. కట్టమంచిలో ఉన్నంతకాలం ఎవరినీ 'కట్టమంచి వారు' అని పిలవరు. ఊరంతా కట్టమంచి వారే కదా! ఊరు విడిచి వేరే చోట కాపురం పెట్టినప్పుడే కొత్త ఊరి వాళ్ళకు ఆ పేరు అవసరమవుతుంది. అంటే ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే, ఆ ఇంటివారు ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరు వదిలిపెట్టారని అర్థం చేసుకోవచ్చు. నాగయ్య గారి విషయం మళ్ళీ చూడండి. ఆయన గుంటూరు సీమలోని రేపల్లెలో 1904లో పుట్టారు, చిత్తూరులో నాటకాలాడి పేరు తెచ్చుకున్నారు, ఆ తర్వాత మద్రాసు చేరి సినిమాల్లో నటించారు. మద్రాసు వారికి ఆయన 'చిత్తూరు' నాగయ్య అయ్యారు. ఒక ఇంటిపేరు కొత్తగా ఎలా పుడుతుందో, పాతది దాని వెనక ఎలా దాక్కుంటుందో ఈ ఒక్క పేరులోనే చూడవచ్చు.

ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు సుమా! ఒకే ఊరినుంచి వేర్వేరు కులాల వారు వలస పోయి ఉండవచ్చు. తాళ్ళపాక అనగానే మనకు అన్నమయ్య గుర్తుకొస్తాడు. కాని అన్నమయ్య వంశంతో సంబంధం లేని తాళ్ళపాక వారు కూడా ఉన్నారు.

ఇక లెక్క సంగతికి వద్దాం. ఇంగ్లండులో పెద్ద పెద్ద కుటుంబాల ఇంటిపేర్లు ఒకటొకటిగా మాయమైపోతున్నాయని 19వ శతాబ్దంలో కొందరు గమనించారు. సుఖంగా బతికే వారికి సంతానం తగ్గిపోతుందేమో, అందుకే ఇలా అవుతోందేమో అనుకున్నారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడికి వేరే అనుమానం వచ్చింది. ఏ కారణమూ లేకుండా, వట్టి యాదృచ్ఛికంగానే పేర్లు పోవచ్చు కదా? 1873లో ఆయన ఈ ప్రశ్నను ఒక పత్రికలో లెక్కగా అడిగాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు దానికి దారి చూపాడు. 1874లో ఇద్దరూ కలిసి దాన్ని ప్రకటించారు.

ఆ లెక్కను మనం రెండు నాణేలతో చేసి చూడవచ్చు. ఒక ఊళ్ళో 100 ఇళ్ళున్నాయనుకోండి. ఏ రెండిళ్ళకూ ఒకే ఇంటిపేరు లేదు. ఒక్కో ఇంట్లో ఒక్కడే మగవాడు. ప్రతివాడికీ సరిగ్గా ఇద్దరు పిల్లలు. నాణేనికి బొమ్మ పడితే కొడుకు, బొరుసు పడితే కూతురు. మన వాడుకలో కొడుకు ఇంటిపేరు నిలుపుతాడు, కూతురు పెళ్ళయ్యాక అత్తింటి పేరు పెట్టుకుంటుంది అనుకుందాం.

రెండు నాణేలు ఎగరేస్తే నాలుగు రకాలుగా పడవచ్చు: బొమ్మ బొమ్మ, బొమ్మ బొరుసు, బొరుసు బొమ్మ, బొరుసు బొరుసు. నాలుగింట ఒకసారి ఇద్దరూ కూతుళ్ళే. అంటే మొదటి తరంలోనే 100 ఇంటిపేర్లలో సుమారు 25 పోతాయి! మిగిలినవాటిలో 50 ఇళ్ళలో ఒక్క కొడుకు, 25 ఇళ్ళలో ఇద్దరు కొడుకులు. తరువాతి తరంలో ఆ 50లో నాలుగో వంతు, అంటే 12 లేక 13 ఇళ్ళు పోతాయి. ఇద్దరు కొడుకులున్న ఇంటి పేరు పోవాలంటే ఇద్దరికీ కూతుళ్ళే పుట్టాలి. అది 16 సార్లలో ఒకసారి. కాబట్టి ఆ 25లో ఒకటో రెండో పోతాయి. ఇలా లెక్క వేస్తూ పోతే రెండు తరాలకు 39, మూడు తరాలకు 48, ఐదు తరాలకు 60, పది తరాలకు 74 పేర్లు ఊళ్ళోంచి మాయమవుతాయి.

ఊళ్ళో జనం తగ్గారా? లేదు! సగటున ప్రతివాడికీ ఒక కొడుకే కాబట్టి మగవాళ్ళ సంఖ్య అటూ ఇటూగా 100 దగ్గరే ఉంటుంది. కాని ఆ 100 మందీ ఇప్పుడు 26 ఇంటిపేర్లనే పంచుకుంటున్నారు. కరువు రాలేదు, జబ్బు రాలేదు, ఎవరి తప్పూ లేదు. అయినా కొన్ని పేర్లు పెద్దవయ్యాయి, ఎక్కువ పేర్లు పోయాయి. మీరు నమ్మకపోతే ఒక ఆదివారం నలుగురు స్నేహితులు కూర్చుని 20 ఇళ్ళతో ఆడి చూడండి. మీ అంకెలు నా అంకెలతో సరిగ్గా కలవవు. 20 ఇళ్ళు చిన్న సంఖ్య, అదృష్టం పాలు ఎక్కువ. కాని మూడో తరానికి పుస్తకంలో ఎన్ని పేర్లు కొట్టివేయవలసి వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఒక్కొక్కరికి ముగ్గురు పిల్లలైతే? అప్పుడు జనం తరానికి ఒకటిన్నర రెట్లు పెరుగుతారు. పేర్లన్నీ నిలుస్తాయి అనుకుంటాం. నిలవవు. 100లో సుమారు 24 పోనే పోతాయి. అందులో దాదాపు 22 మొదటి నాలుగు తరాల్లోనే పోతాయి. ఆ గండం దాటిన ఇల్లు బాగా విస్తరించి ఉంటుంది కనుక, ఇక దానికి భయం లేనట్టే. ఇక్కడే వాట్సన్ గారు పొరపాటు పడ్డారు. జనం పెరుగుతున్నా సరే, చివరికి ప్రతి ఇంటిపేరూ పోక తప్పదని ఆయన రాశారు. ఆ తప్పును తరువాతి గణితజ్ఞులు సవరించారు. విచిత్రమేమిటంటే, ఫ్రాన్సులో బియెనమే అనే గణితజ్ఞుడు 1845లోనే ఈ సంగతి పరిశీలించాడు. కాని ఎవరూ పట్టించుకోలేదు.

అరుదైన పేరుకు ప్రమాదం ఎందుకు ఎక్కువో కూడా ఇప్పుడు తేలిపోతుంది. ఇద్దరేసి పిల్లల లెక్కలో ఒక్కడే మోస్తున్న ఇంటిపేరు పది తరాల్లో పోవడానికి 100కు 74 పాళ్ళు అవకాశముంది. అదే పదిమంది మోస్తున్నదైతే 100కు 5 పాళ్ళే. కొరియా దేశంలో ఇంటిపేర్లు చాలా పాతవి. అక్కడ ఇప్పుడు ఐదుగురిలో ఒకరు 'కిమ్'.

తాళ్ళపాక వారి సంగతి ఈ లెక్కకు పెట్టి చూడండి. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో అన్నమయ్య పుట్టాడు. తిరుమలకు చేరి జీవితమంతా సంకీర్తనలు రాశాడు. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు, మనుమలు చిన తిరుమలాచార్యులు, చిన్నన్న అందరూ కవులే. మూడు తరాలకే ఇల్లు కొమ్మలు వేసిందని చూశారా? మన నాణేల ఆటలో గండం దాటేది సరిగ్గా ఇలాంటి ఇల్లే. అన్నమయ్యనుంచి నేటికి 600 ఏళ్ళకు పైగా గడిచాయి, అంటే 20 తరాలకు తక్కువ కాదు. నాణేల లెక్క ప్రకారం 20 తరాలకు 100 పేర్లలో సుమారు 15 మాత్రమే మిగలాలి. ఆ మిగిలిన వాటిలో తాళ్ళపాక ఒకటి. తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాత వేళ ఆ వంశం వారు మేలుకొలుపు పాడే ఆచారం ఇప్పటికీ ఉంది.

అన్నమయ్య భార్య తిమ్మక్క కూడా కవయిత్రి. సుభద్రా కల్యాణం రాసింది. ఆమెను మనం తాళ్ళపాక తిమ్మక్క అనే ఎరుగుదుం. కాని అది ఆమె అత్తింటి పేరు. మన లెక్కలో బొరుసు పడ్డ ప్రతిసారీ ఒక తిమ్మక్క పుట్టింటి పేరు వదిలిందన్నమాట. ఇది ప్రకృతి నియమం కాదు, మనుషులు పెట్టుకున్న ఆచారం. ఇప్పుడు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకునే ఆడవాళ్ళు ఉన్నారు. అయితే తల్లి పేరు కూతురికి మాత్రమే వచ్చే ఆచారం ఉన్నా లెక్క ఇంతే సుమా. బొమ్మకు బదులు బొరుసు లెక్కబెట్టాలి, అంతే తేడా. దత్తత సంగతి వేరు. కొడుకులు లేని ఇంటికి దత్తపుత్రుడు వచ్చి ఆ పేరు నిలిపితే నాణెం చెప్పింది తారుమారవుతుంది.

ఇంటిపేరులాగే నడిచేది మన శరీరంలోనూ ఒకటుంది. మన జీవకణాల్లో క్రోమోజోములనే పోగులుంటాయి. వాటిలో 'వై' క్రోమోజోము తండ్రినుంచి కొడుక్కు మాత్రమే వస్తుంది. కూతుళ్ళే పుడితే ఆ తండ్రి 'వై' అక్కడితో ఆగిపోతుంది. కణంలోనే ఉండే మైటోకాండ్రియా అన్నవి తల్లినుంచి వస్తాయి, వాటిని తరువాతి తరానికి అందించేది కూతుళ్ళే. జీవశాస్త్రజ్ఞులు వీటి వంశాలు ఎలా అంతరించాయో లెక్కగట్టడానికి గాల్టన్, వాట్సన్‌ల పద్ధతినే వాడుతున్నారు. అయితే ఇంటిపేరు పోతే మనిషి పోయినట్టు కాదు. కూతుళ్ళ ద్వారా ఆ ఇంటి రక్తం వేరే పేర్ల కింద సాగుతూనే ఉంటుంది.

నాణెం చేసే పనికి తోడు మనం చేసే పని ఇంకొకటి ఉంది, అదే ఒక్క అక్షరంతో సరిపెట్టడం. కొడుకులున్నా, మనుమలున్నా, అందరూ ఒట్టి 'వి' అనో 'కె' అనో రాసుకుంటూ పోతే మూడో తరం పిల్లవాడికి దాని వెనక ఏముందో తెలియదు. ఇది గాల్టన్ లెక్కలో లేని చావు. మగపిల్లలు నిండుగా ఉన్న ఇంట్లో కూడా ఇది జరుగుతుంది.

మనుషుల్లో కనిపించకపోయినా కొన్ని పేర్లు నేలమీద మిగిలే అవకాశముంది. మన సీమలో 'వాళ్ళు' అనకుండా 'వాండ్లు' అంటాం కదా. ఫలానావాండ్లపల్లె, ఫలానావారిపల్లె అన్న ఊళ్ళు ఉమ్మడి చిత్తూరు జిల్లా పటంలో కొల్లలుగా కనిపిస్తాయి. చంద్రగిరి దగ్గర నారావారిపల్లె ఉంది. భాకరాపేట వైపు ఎర్రావారిపాలెం ఉంది. పీలేరు వైపు కంభంవారిపల్లె ఉంది. ఈ చివరి పేరును విడదీసి చూడండి: కంభం, వారి, పల్లె. కంభం అన్నది గిద్దలూరు, మార్కాపురాల నడుమ పెద్ద చెరువున్న ఊరు. ఊరి పేరు ఇంటిపేరు అవుతుందనీ, ఇంటిపేరు మళ్ళీ ఊరి పేరు అవుతుందనీ ఈ ఒక్క మాటలోనే చదువుకోవచ్చు. రాతిలో మిగిలిన ఆకు అచ్చును శిలాజం అన్నట్టే ఇలాంటి ఊరి పేరునూ అనవచ్చు. ఆ ఇంటివారు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నా లేకపోయినా పేరు బస్సు బోర్డు మీద తిరుగుతూనే ఉంటుంది.

మీ ఊరి చుట్టుపక్కల ఇలాంటి పేర్లు ఎన్నున్నాయో రాసుకోండి. తరువాత ఒక్కో ఊళ్ళో ఆ ఇంటిపేరు వారు ఇప్పుడు ఎందరున్నారో విచారించండి. ఆ పనికి నాణేలు అక్కర్లేదు, ఒక నోటు పుస్తకమూ, ఒక సైకిలూ ఉంటే చాలు.