వెలుతురు వ్రాసిన బొమ్మ

చీకటి గదికి సన్నని రంధ్రమొకటి యున్నచో, వెలుపలి చెట్టును మేడయు ఎదుటి గోడపై తలక్రిందులుగా కనిపించును. ఈ వింత ప్రాచీనులకును తెలియును. వెండి లవణములు వెలుతురు సోకినచో నల్లబడునని పదునెనిమిదవ శతాబ్దమున రసాయనజ్ఞులు కనుగొనిరి. పెట్టె యున్నది, మందున్నది. ఇక కొఱత యేమి? బొమ్మను పట్టుట కంటె పట్టిన బొమ్మను నిలుపుట కష్టమయ్యెను.

ఇంగ్లండున థామస్ వెడ్జ్‌వుడ్ అను నాతడు వెండి నైట్రేటు పూసిన కాగితముపై ఆకుల నీడలను పట్టెను. ఆ ప్రయోగముల వివరము 1802లో ప్రకటింపబడెను. కాని పగటి వెలుతురున చూచినచో మిగిలిన తెల్లని భాగమును నల్లబడి బొమ్మ మాయమగుచుండెను. తాను సాధించిన దానిని తానే దీపపు వెలుతురున దాచి దాచి చూచుకొనవలసి వచ్చెను. పాపము, ఇంతకంటె విచారకరమైన విజయ మేముండును!

ఫ్రాన్సు దేశమున నీసెఫోర్ నియెప్స్ వేఱు త్రోవ త్రొక్కెను. ఒక విధమగు తారు వెలుతురు తగిలిన చోట గట్టిపడును. దానిని తగరము ముఖ్యముగా గల లోహపు పలకపై పూసి, 1826-27 ప్రాంతమున తన యింటి కిటికీలో చీకటి పెట్టె నుంచెను. గంటల కొలది వెలుతురు సోకిన పిమ్మట పలకను లావెండరు నూనెతో కడుగగా, గట్టిపడని తారు కరగిపోయి యింటికప్పులు మిగిలెను. సూర్యుడు తూర్పునుండి పడమటికి నడచినందున ఆ బొమ్మలో రెండు వైపుల గోడలపైనను ఎండ కాయుచున్నది! మఱుగునపడిన యీ పలక 1952లో మరల వెలికి వచ్చెను. నేడది అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది.

నియెప్స్ 1829లో డాగేర్ అను రంగస్థల చిత్రకారునితో పొత్తు కుదుర్చుకొని, ఫలము చూడకయే 1833లో మరణించెను. డాగేర్ వెండిపూత గల రాగి రేకునకు అయొడిన్ ఆవిరి పట్టించి, పెట్టెలో నుంచి, పిదప పాదరసపు ఆవిరి తగిలించెను. కంటికి కనబడని బొమ్మ పైకి తేలెను. (పాదరసపు ఆవిరి విషము, బాలు రెవ్వరును దీనిని పరీక్షింప బూనరాదు.) 1838లో ఆతడు తీసిన పారిసు వీధి చిత్రమున బండ్లు లేవు, జనులు లేరు. చలించు వస్తువుల నాటి పలక పట్టజాలదు. ఒక్క మనుష్యుడు మాత్రము జోళ్లకు మెఱుగు పెట్టించుకొనుచు కదలక నిలిచినందున చిత్రమున చిక్కెను! 1839 ఆగస్టు 19న ఈ విధానము లోకమునకు వెల్లడింపబడెను. ఫ్రెంచి ప్రభుత్వము డాగేరునకును, నియెప్స్ కుమారునకును భరణ మేర్పఱచెను.

అయితే డాగేర్ బొమ్మ ఒక్కటే యగును. దానికి ప్రతి లేదు. ఇంగ్లండున టాల్బట్ కాగితముపై తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను పడు ‘నెగటివు’ను సాధించెను. దానినుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. వెడ్జ్‌వుడ్‌ను వేధించిన చిక్కును జాన్ హెర్షెల్ తీర్చెను. వెలుతురు సోకని వెండి లవణమును ‘హైపో’ కరగించివేయునని ఆతడు చూపెను. టాల్బట్ 1841లో తన విధానమునకు పేటెంటు పొందుటచే అది స్వేచ్ఛగా వ్యాపింపలేదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలకపై కొలోడియను అను జిగురు ద్రవమును పూయు పద్ధతిని ప్రకటించెను. పలక తడియారక మునుపే పని ముగింపవలెను గనుక ఛాయాగ్రాహకులు చీకటి గుడారమును వెంట మోసికొని పోవుచుండిరి. అయినను బొమ్మ తేటగా నుండుటచే దేశదేశములవారు దానిని చేపట్టిరి. ఆర్చర్ దానికి పేటెంటు కోరలేదు. 1857లో ఆతడు పేదఱికముననే కన్నుమూసెను. భార్యాబిడ్డల పోషణకై ఇతరులు చందాలు ప్రోగుచేయవలసి వచ్చెను.