దప్పికతో ఉన్న సిపాయికి లెక్క తప్పుతుంది

గట్టు: సైన్యంలో చేరాలన్న కోరిక నడిగడ్డ పల్లెల కుర్రాళ్లకు కొత్తది కాదు. కోడి కూయకముందే లేచి పరుగు సాధన చేసేవారు ఎందరో. 2022లో జరిగిన తొలి అగ్నివీర్ ఎంపికల్లో 1,600 మీటర్లను అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తినవారికి 60 మార్కులు వేశారు. 2023 నుంచి పద్ధతి మారి ముందు రాతపరీక్ష వచ్చింది. అందులో గట్టెక్కితేనే మైదానంలోకి పిలుపు.

పరగడుపున పరుగెత్తితే ఒళ్లు తేలిగ్గా ఉంటుందని కొందరి నమ్మకం. పరుగు ముగించి అదే ఒంటితో పత్తిచేనుకు పోయి, ఎండలో పనిచేసి, సాయంత్రం లెక్కల పుస్తకం పడితే ఒక్క ముక్క తలకెక్కదు. చదువులో వెనుకబడిన మండలమని గట్టుకు ఎలాగూ పేరుంది. 'మనకు చదువు అబ్బదులే' అని కుర్రాడు పుస్తకం మూసేస్తాడు. తప్పు తలది కాక కడుపుదీ, కుండదీ కావచ్చు.

సైనికుల శరీరధర్మాలను పరిశీలించడానికి 1962లో ఒక రక్షణ పరిశోధన సంస్థను నెలకొల్పారు. అక్కడి శాస్త్రజ్ఞులు ఎండకు అలవాటుపడిన 11 మందిపై జరిపిన పరీక్ష 1988లో అచ్చయింది. వారికి నీళ్లు తగ్గించి, వేడిలో శ్రమ చేయించారు. ఆ తర్వాత చల్లని గదిలో కూర్చోబెట్టి, ఒళ్లు, గుండె పూర్తిగా కుదుటపడ్డాకనే జ్ఞాపకశక్తికీ, లెక్కలకూ పరీక్ష పెట్టారు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు, అంతకు మించి నీరు పోయినవారికి ఆ రెండూ తగ్గాయి. అలుపు తీరినా తెలివి తేరుకోలేదన్నమాట.

రెండు వంతులంటే 60 కిలోల మనిషికి లీటరుంపావు కన్నా తక్కువే. నడివేసవిలో గట్టి పని చేస్తే గంట, గంటన్నరలో అంత చెమట పోగలదు. దప్పిక అయ్యేసరికే ఆలస్యమై ఉండవచ్చు.

ఈ సంగతి పాతకాలపు రాజులకూ తెలిసినట్లుంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు మన పొరుగున ఉన్న రాయచూరు కోటపై దండెత్తినప్పుడు, పది పన్నెండు వేలమంది నీళ్ల తిత్తులతో దారి పొడవునా నిలిచి, నీళ్లు తెచ్చిపెట్టే దిక్కులేని వారికి పోశారని న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు రాసి పెట్టాడు. వేల సంఖ్య కాస్త పెంచి రాశాడనుకున్నా, ఆ ఏర్పాటు మాత్రం మెచ్చదగినదే.

ఇక తిండి మాట. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అర్ధాకలితో గడిపారు. వారానికి 35 కిలోమీటర్లు నడిచారు. తెలివిని కొలిచే పరీక్షల్లో పెద్దగా తేడా కనబడలేదు. కాని మనసు ఒకచోట నిలవడం లేదని, చిరాకు పెరిగిందని, ఎంతసేపూ తిండి ధ్యాసేనని వారే చెప్పారు. కాపలా కాసే సిపాయికైనా, పరీక్ష రాసే కుర్రాడికైనా మనసు నిలవకపోతే ఉన్న తెలివి అక్కరకు రాదు కదా!

దీనికి డబ్బాల్లో అమ్మే పొడులు అవసరం లేదు. పరుగుకు ముందు కొన్ని నీళ్లు, ఒక అరటిపండో, పలచని జొన్న అంబలో చాలు. తిరిగి వచ్చాక రొట్టె, పప్పు, గుప్పెడు పల్లీలు, ఉప్పు వేసిన మజ్జిగ. చేనుకు పోయేటప్పుడు నీళ్ల సీసా మరువరాదు. ఒకేసారి బిందెడు తాగడమూ మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలచనైతే అదీ ప్రమాదమే.

తోటివారు గమనించవలసింది ఒకటుంది. ఎండలో పరుగెత్తేవాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి విసురుతూ, ఆసుపత్రికి తరలించాలి. స్పృహ తప్పినవాని నోట నీళ్లు పోయరాదు.