బ్లాగు టపా ప్రచురణ అమరికలు: పరిశోధన దృష్టి (కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత రచనల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
స్థానిక చరిత్రకు, జానపద విజ్ఞానానికి సంబంధించిన సమాచారం నేడు బ్లాగులలోనూ లభిస్తున్నది. అది పరిశోధనలో ఆధారంగా నిలవడం విషయంతోపాటు టపా ప్రచురణ అమరికలపైనా ఆధారపడి ఉంటుంది. గూగుల్ సంస్థకు చెందిన బ్లాగర్ వేదికలోని ప్రధాన అమరికలను ఉత్తర తెలంగాణ ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్లాగు, టపా, శాశ్వత లంకె, ప్రచురణ తేదీ, లేబుళ్ళు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
1999లో పైరా ల్యాబ్స్ ప్రారంభించిన బ్లాగర్‌ను 2003లో గూగుల్ సొంతం చేసుకున్నది. యూనికోడ్ వ్యాప్తి, ‘లేఖిని’ వంటి టైపు పరికరాలు, ‘కూడలి’ వంటి సంకలినులు తెలుగు బ్లాగుల విస్తరణకు దోహదం చేశాయి. ముద్రిత గ్రంథానికి ప్రచురణ సంవత్సరాన్ని, పుటసంఖ్యలను ప్రచురణకర్త సమకూరుస్తాడు. బ్లాగులో అటువంటి బాధ్యత రచయితదే. టపా రాసే తెరకు పక్కన కనిపించే అమరికల పట్టిక అందుకు సాధనం.

2. శాశ్వత లంకె:
టపా చిరునామాలో ప్రచురణ సంవత్సరం, నెల, ఆపై శీర్షిక నుండి ఏర్పడిన పదాలు ఉంటాయి. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ దానిని చిరునామాలోకి తీసుకోదు. ‘బ్లాగ్-పోస్ట్’ అన్న సాధారణ పదాన్ని వాడి, అవసరమైనప్పుడు ఒక సంఖ్యను జోడిస్తుంది. జినవల్లభుని కురిక్యాల శాసనంపై రాసినా, కేస్లాపూర్ నాగోబా జాతరపై రాసినా చిరునామాలు ఒకే తీరున కనిపిస్తాయి. ప్రచురణకు ముందే ‘కస్టమ్ పర్మాలింక్’ ఎంచుకొని, ‘కురిక్యాల శాసనం’ అన్న మాటలను ఆంగ్ల లిపిలో అడ్డగీతతో కలిపి రాస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది. ఆ గడి తెలుగు లిపిని అంగీకరించదు.

ప్రచురించిన తరువాత లంకెను మార్చాలంటే టపాను మళ్ళీ చిత్తుప్రతిగా మార్చవలసి ఉంటుంది. లంకె మారితే పాత చిరునామాను పేర్కొన్న సిద్ధాంతగ్రంథాల పాదసూచికలు నిరర్థకమవుతాయి. తప్పనిసరైతే, బ్లాగు సెట్టింగులలోని దారిమళ్ళింపు ద్వారా పాత చిరునామాను కొత్తదానికి కలపాలి.

3. ప్రచురణ తేదీ:
‘ఆటోమేటిక్’ ఎంపికలో టపా ప్రచురించిన సమయమే తేదీగా నమోదవుతుంది. రచయిత స్వయంగా రాబోయే తేదీని ఇస్తే టపా ఆ సమయానికి తనంతట వెలువడుతుంది. గడిచిన తేదీని ఇస్తే పాత టపాగా కనిపిస్తుంది. కాబట్టి టపాపై కనిపించే తేదీ ఒక్కటే పౌర్వాపర్య నిర్ణయానికి చాలదు. పైగా, సవరణల చరిత్రను బ్లాగర్ పాఠకులకు చూపదు.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ అంశానికి మన ప్రాంతంలో ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ధూళికట్ట నేడు పెద్దపల్లిలో, కోటిలింగాల జగిత్యాలలో ఉన్నాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని బాసర నిర్మల్‌కు, జోడేఘాట్ కుమురం భీం ఆసిఫాబాద్‌కు చెందాయి. 2012 నాటి టపాలో ‘కరీంనగర్ జిల్లా ధూళికట్ట’ అని ఉంటే అది ఆనాటికి సరైనదే. ఆ టపా తేదీని 2020కి మారిస్తే అదే వాక్యం దోషంగా కనిపిస్తుంది. అందువల్ల మూల తేదీని అలాగే ఉంచి, సవరణ వివరాన్ని టపా చివర తేదీతో చేర్చడం శాస్త్రీయం.

4. లేబుళ్ళు, స్థలం, ఇతర అమరికలు:
లేబుళ్ళు విషయసూచిక వంటివి. ‘కొమురం భీం’, ‘కుమ్రం భీము’ అని రెండు రూపాలు వాడితే రెండు వేర్వేరు జాబితాలు ఏర్పడతాయి. ఒకే రూపాన్ని స్థిరపరచుకోవాలి. ప్రాంతాల విషయంలో మాత్రం పాత, కొత్త జిల్లాల పేర్లు రెండింటినీ ఇవ్వడం మేలు.

‘లొకేషన్’ టపాను పటంలోని స్థలంతో ముడిపెడుతుంది. రక్షణ లేని పురావస్తు స్థలాల విషయంలో ఊరి పేరుతో సరిపెట్టుకోవడం వివేకం. వ్యాఖ్యలను నిలిపివేసేటప్పుడు, ఉన్నవాటిని కనబడనిచ్చే ఎంపికను తీసుకుంటే స్థానికులు అందించిన సమాచారం మరుగున పడదు.

5. ముగింపు:
లంకె టపా ఉనికిని, తేదీ కాలాన్ని, లేబులు విషయాన్ని గుర్తింపజేస్తాయి. వీటిని ప్రచురణకు ముందే నిర్ణయించుకోవడం రచయిత కర్తవ్యం. టపాను ఉదాహరించే పరిశోధకులు దానిపై కనిపించే తేదీతోపాటు తాము చూసిన తేదీని నమోదు చేయాలి. వేబ్యాక్ మెషీన్ వంటి భాండాగారంలో ఒక ప్రతిని భద్రపరచాలి. అప్పుడే ఆ టపా తరువాతి పరిశోధకుల పరిశీలనకు అందుతుంది.