సరుకు ఉంది, ట్యాంకరే లేదు

కొవిడ్ కాలంలో భిలాయి నేర్పిన సరఫరా పాఠం

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వెళ్లే రైలు భిలాయి-3 దగ్గరికి వచ్చేసరికి కిటికీ పక్కన పట్టాలే పట్టాలు, వాటి మీద బారులు తీరిన గూడ్సు వ్యాగన్లు. ఇదే చరోదా మార్షలింగ్ యార్డు. ఈ ఊరి బతుకు రైల్వేతోనూ, ఆ పక్కనే ఉన్న ఉక్కు కర్మాగారంతోనూ ముడిపడి ఉంది. తరాల కిందట ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ తక్కువేమీ కాదు.

1959లో ఉత్పత్తి ప్రారంభించిన భిలాయి ప్లాంటుకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. మేలురకం కోకింగ్ బొగ్గు మాత్రం ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో విశాఖ చేరి, అక్కడి నుంచి రైలెక్కుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా కొలిమికి చిక్కే.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ విధించినా గూడ్సు రైళ్లు ఆగలేదు. ఆగింది కొనుగోళ్లు. నిర్మాణాలు నిలిచిపోవడంతో ఉక్కు అడిగేవారే కరవయ్యారు. అలాగని కోక్ ఓవెన్లను ఆర్పేయలేరు. చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. అందుకే ఉక్కు సంస్థలు ఉత్పత్తి తగ్గించి, నిప్పు మాత్రం నిలుపుకున్నాయి. ఆ వేసవిలో వాటిని ఆదుకున్నది ఎగుమతులు. ముందుగా తేరుకున్న చైనా పెద్దఎత్తున భారతీయ ఉక్కు కొన్నది.

అసలు పరీక్ష 2021లో ఎదురైంది. ఏప్రిల్ 6 నుంచి దుర్గ్ జిల్లా మళ్లీ లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. ఆస్పత్రులన్నిటా ఒకటే కేక: ఆక్సిజన్. ఉక్కు తయారీకి ఆక్సిజన్ తప్పనిసరి కనుక ప్లాంట్లు దాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. గాలిని మైనస్ 183 డిగ్రీల దాకా చల్లబరిస్తే అందులోని ఆక్సిజన్ ద్రవంగా మారుతుంది. భిలాయితో సహా ఉక్కు కర్మాగారాలు ఆ ద్రవాన్ని ఆస్పత్రులకు మళ్లించాయి.

అయితే ఉత్పత్తి ఎక్కువగా ఉన్నది తూర్పు, మధ్య భారతంలో. రోగులు ఊపిరాడక అల్లాడింది ఢిల్లీ, మహారాష్ట్రల్లో. కొవిడ్‌కు ముందు దేశమంతటా వైద్యావసరాలకు రోజుకు సుమారు 700 టన్నులు సరిపోయేది. 2021 మేలో అది 9,000 టన్నులకు చేరింది. అంత సరుకు మోయడానికి క్రయోజెనిక్ ట్యాంకర్లు లేవు. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను మార్చి వాడారు. విదేశాల నుంచి తెప్పించారు. ఏప్రిల్ 19న ముంబయి దగ్గరి కలంబోలి నుంచి తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఖాళీ ట్యాంకర్లతో విశాఖకు బయల్దేరింది. హైదరాబాద్ బేగంపేట నుంచి వాయుసేన విమానాలు ఖాళీ ట్యాంకర్లను భువనేశ్వర్ చేర్చాయి. నింపినవి విమానంలో తేవడం ప్రమాదం. అందుకే తిరుగు ప్రయాణం నేల మీదే. రోగికి ఆ గంటలే ప్రాణాంతకం.

ఊపిరి పంపిన ఊరినీ మహమ్మారి వదల్లేదు. రెండో దశలో భిలాయి ప్లాంటు ఉద్యోగులు ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఆ తర్వాత పీఎం కేర్స్ నిధులతో దేశంలో 1,200కు పైగా ఆస్పత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. మంచిదే. కానీ వాటికి కరెంటు, విడిభాగాలు, నడిపే మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లేకపోతే రేపు మరో మహమ్మారి వచ్చినా కథ మారదు. సరుకు ఒకచోట, ఆయాసం మరోచోట.