రోజుకొక్క రూపాయి

దినమంతయు కూలికి పోయి వచ్చి, పొయ్యి మీది పని ముగించుకొని, సందెవేళ రామమందిరపు అరుగు మీదనో బడి వసారాలోనో పది పదునైదుగురు స్త్రీలు వలయముగా కూర్చుండి, నడుమ చాపపై నొక రేకుపెట్టె నుంచుకొని, ఒకతె పేర్లు పిలుచుచుండగా తక్కినవారు ఒక్కొక్కరే కొంగుముడి విప్పి నలిగిన నోట్లు లెక్కించి యిచ్చు దృశ్యము తెలుగునాట నేడు వింత కాదు. ఆ పెట్టెలో నుండునవి సభ్యురాండ్ర పాసుపుస్తకములు, వ్రేలిముద్ర వేయించు సిరాదిమ్మ, ఒక తీర్మానముల పుస్తకము, కొలదిపాటి సొమ్ము. ఎవరెంత కట్టిరి, ఎవరి బాకీ యెంత, ఈ తడవ అప్పు ఎవరికి అను మూడు మాటలతో సభ ముగియును. పట్టణమునుండి చూడవచ్చినవానికి ఇది పిల్లల ఆటవలె తోచును. నాకును మొదట నట్లే తోచినది. అయితే బీదదేశములలో స్త్రీల జీవనోపాధిని గూర్చి పండితులు వ్రాసిన గ్రంథములలో చాల భాగము ఈ రేకుపెట్టెను గూర్చియే యని తరువాత తెలిసికొంటిని.

ఈ పెట్టె కథకు తెలుగుదేశమున మూలస్థానము నెల్లూరు జిల్లా. 1990 తరువాత ఆ జిల్లాలో అక్షరాస్యతోద్యమము ముమ్మరముగా సాగుచుండ, రాత్రిబడులలో పలక పట్టిన స్త్రీలు సారా వలన చెడిన సంసారమును గూర్చిన పాఠమును చదివి, ఇది పుస్తకములోని కథ గాదు, మన యింటి కథయే యని గుర్తించిరి. 1992లో దూబగుంట గ్రామమున స్త్రీలు ఏకమై సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పురవ్వ ఊరూర నంటుకొని, సారా వేలముపాటలు జరుగనీయక, 1993 అక్టోబరు 1వ తేదీన ప్రభుత్వముచేత సారానే నిషేధింపజేసినది. ఆపై 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లు దాటగానే 1997లో సడలిపోయిన మాట నిజమే. కాని సారా కొట్టుకు పోకుండ మిగిలిన సొమ్మును రోజుకొక్క రూపాయి చొప్పున కూడబెట్టుటకు అదే జిల్లాలో వెలసిన ‘పొదుపు లక్ష్మి’ సంఘములు మాత్రము నిలిచినవి.

రోజుకొక్క రూపాయి యనిన నెలకు ముప్పది. పదునైదుగురుండు సంఘమున నెలకు నాలుగువందల ఏబది, ఏడాదికి 5,400 రూపాయలు. ఈ సొమ్మును సభ్యురాండ్రు తమలో తాము నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తిప్పుకొందురు. అది తక్కువ వడ్డీ కాదు గదా యని లెక్కలు తెలిసినవారు ఆక్షేపింపవచ్చును. షావుకారు వద్ద నూటికి ఐదునకు, అవసరము ముదిరినచో పదికి, అదియును చెవి కమ్మలు కుదువబెట్టి తెచ్చుకొన్న మనిషికి ఈ రెండు తేలికయే. అంతకన్న ముఖ్యమైనది, ఆ వడ్డీ షావుకారు గడపకు పోక తిరిగి ఆ పెట్టెలోనికే వచ్చి పడును. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ఎవరి వాకిటను చేతులు కట్టుకొని నిలువనక్కరలేక, తన సంఘపు నాయకురాలి యింటికి పోయి “అక్కా, ఐదువందలు కావాల” అని నోరార అడుగగలుగుట యెట్టిదో అనుభవించినవారికే తెలియును.

ఇచ్చట పొరుగుదేశముతో నొక పోలిక చెప్పవలసియున్నది. బంగ్లాదేశమున చిట్టగాంగు సమీపమందలి జోబ్రా గ్రామములో, 1976లో, అర్థశాస్త్రాచార్యుడు మహమ్మద్ యూనస్ నలుబది ఇద్దరికి కలిపి ఇరువదియేడు డాలర్లకు సమానమైన తన సొంత సొమ్మును అప్పిచ్చెను. అదియే 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొంది, 2006లో ఆయనకును బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానమును తెచ్చినది. అచ్చట మొదటి మాట అప్పు. మన దేశముననే అహమ్మదాబాదున ఇలా భట్ నాయకత్వమున కూరగాయలమ్మువారు, మూటలు మోయువారు, పాతగుడ్డలు కుట్టువారు నాలుగువేలమంది తలకు పది రూపాయల వాటా వేసికొని 1974లో తమ బ్యాంకును తామే స్థాపించుకొనిరి; సంతకము రానివారికి పాసుపుస్తకముపై ఛాయాచిత్రము నంటించి గుర్తింపు కల్పించిరి. అచ్చట మొదటి మాట సొంత సొమ్ము. నెల్లూరు స్త్రీలది ఈ రెండవ త్రోవ. నా మట్టుకు నాకు ఈ త్రోవయే మేలని తోచును: అప్పు తీసికొన్నవారు ఇచ్చినవాని ముందు తల వంచవలసినదే; తమ రూపాయికి తామే కాపలా యున్నవారు లెక్క అడుగుటకు జంకరు.

ఇక ఈ సంఘముల పేరును గూర్చి: ప్రభుత్వము 1982లో ప్రారంభించిన ఒక గ్రామీణ స్త్రీ పథకపు ఆంగ్లనామమునందలి పొడి అక్షరములు కలిసి ‘డ్వాక్రా’ యై, నేడు ఏ సంఘమునకైనను అదే పేరుగా మన పల్లెల నోట అచ్చతెనుగు మాటవలె స్థిరపడినది. 1992లో నాబార్డు దేశమున ఐదువందల సంఘములను ప్రయోగార్థము బ్యాంకులతో ముడివేసెను. పూచీకత్తు లేని ఆడువారికి అప్పేమిటని మొదట నొసలు ముడిచిన బ్యాంకు మేనేజర్లే, వాయిదా తప్పని వీరి పద్ధతిని చూచి, పిమ్మట పిలిచి కుర్చీ వేసిరి. 2000 తరువాత సంఘములు గ్రామసమాఖ్యలుగాను, అవి మండల, జిల్లా సమాఖ్యలుగాను పేర్చబడినవి. పావలా వడ్డీ వచ్చినది. అనగా నూటికి నెలకు నాలుగవవంతు రూపాయి, ఏడాదికి మూడు. పై వడ్డీని ప్రభుత్వము భరించెను. 2011లో దేశమంతటికి ఏర్పడిన గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమమునకు ఈ అనుభవము ముఖ్యమైన ఒరవడి.

ఈ కీర్తియే ఒక కీడును తెచ్చినది. తెలుగు స్త్రీలు అప్పు ఎగవేయరని తెలిసిన ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు పల్లెల మీద పడి, ఒకే ఇల్లాలికి మూడేసి నాలుగేసి అప్పులిచ్చి, వారము వారము వాకిట కూర్చుండి వసూలు చేయసాగెను. ఒకతె కట్టలేకపోయిన తక్కిన నలుగురు కట్టవలెనను ఉమ్మడి పూచీ మూలమున నిన్నటి నేస్తులే నేడు వాకిట నిలిచి దూషించు దుర్గతి పట్టినది. ఆత్మహత్యల వార్తలు పత్రికలకెక్కగా 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వారపు వసూళ్లను మాన్పి, నెలవారీ వాయిదాలను బహిరంగస్థలముననే తీసికొనవలెనని కట్టడి చేసెను. అప్పుడు ఊర్లలో వినబడిన మాట యొకటే: అప్పిచ్చుటకు ఇంటికి వచ్చినవాడు ఆ అప్పుతో ఏమి చేసెదవని ఏనాడును అడుగలేదు.

ఆ ప్రశ్న మంచి మనసుతో అప్పిచ్చువారును అడుగరు. అప్పుతో పాడిగేదెను కొన్న ఇల్లాలిని తలచుకొనుడు. గేదె వచ్చిన మరు నెలకే వాయిదా మొదలగును. తవుడు, దాణా కొనవలెను. సొంత పొలము లేదు గావున వరిగడ్డియు కొనవలసినదే. పాలకేంద్రమున వెన్నశాతము చూచి కట్టిన ధర ఈ ఖర్చునకు బొటాబొటి. కొన్ని నెలలకు గేదె వట్టిపోవును, వాయిదా వట్టిపోదు. తుదకు గేదె సంతకు పోవును, అప్పు ఇంటనుండును. అప్పు తీర్చిన శాతమును లెక్కించు పట్టికలలో ఈ గేదె కానరాదు. ఆమె కూలికి పోయి వాయిదా కట్టినది గావున పట్టిక ప్రకారము అంతయు సవ్యమే.

దీనికి భిన్నమైన మార్గమొకటి జహీరాబాదు ప్రాంతమున చూడవచ్చును. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండన దళిత స్త్రీల సంఘములు బీడుభూములను సాగులోనికి తెచ్చి, కౌలు పొలములను ఉమ్మడిగా పట్టి, జొన్న, కొర్ర, కంది కలిపి పండించి, విత్తనములను తమ యిండ్లలోనే దాచుకొనిరి. 2008లో తమ సొంత రేడియోను సయితము నెలకొల్పిరి. ఇచ్చట అప్పుకన్న ముందు నేల వచ్చినది, పండినది తినుటకు అక్కరకు వచ్చి, మిగిలినది అమ్ముటకు త్రోవ యేర్పడినది.

ఇక ఆ రేకుపెట్టె ప్రక్కన కూర్చుండి లెక్కలు వ్రాయు ఒక బాలికను తలచుకొనుడు. తల్లి వ్రేలిముద్ర వేయును, కూతురు ఇంటర్మీడియటు చదివినది. ఆమెకేమి పని? 1982లో కర్ణాటకమున ధర్మస్థల సమీపమందలి ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి నెలకొల్పిన శిక్షణాలయము గ్రామీణ యువతకు భోజనవసతులతో కూడ ఉచితముగా పని నేర్పి, అటుపిమ్మట వారు దుకాణము పెట్టుకొనువరకు వెంట నుండి చూచెడిది. ఆ మాదిరిగనే నేడు జిల్లాలలో బ్యాంకులు శిక్షణ సంస్థలను నడుపుచున్నవి. ఏర్పాటు మంచిదే. కాని పెక్కు ఊర్లలో ఆడపిల్లలకు కుట్టుపనియే నేర్పుచున్నారు. ఇన్నూరు గడపల పల్లెలో ముప్పదిమంది దర్జీలుండిన ఎవరి రవికలను ఎవరు కుట్టవలెను? మోటారు వైండింగు నేర్చిన కుర్రవాడు ఎండకాలమున బోరుబావుల చుట్టు తిరిగి ఏదో సంపాదించుకొనును. ఆ పని ఆడపిల్లకు నేర్పరాదని ఎవరు శాసించిరో తెలియదు.

ఈ వ్యాసము చదువు మీరు మీ యూరి సంఘము కూడు రోజు కనుగొని ఒక సందెవేళ ఆ అరుగు మీద పోయి కూర్చుండుడు. ఎంత అప్పు తీసికొంటివమ్మా యని అడుగకుడు. అది పుస్తకములోనే యుండును. కొన్న గేదె పాలు ఎవరికి పోసెదవు, కుట్టిన బట్ట ఎచ్చట అమ్మెదవు అని అడుగుడు.